పులివేషము

బరంపురమున రెండేండ్లకొకసారి జరుగు బుఢీ ఠాకురాణీ యాత్ర మాకు పరాయి పండుగ కాదు. అమ్మవారు దేవాంగుల ఆడపడుచు. ఆలయము విడిచి దేశి బెహెరా వీధిలోని తాత్కాలిక మందిరమునకు విచ్చేయుట పుట్టింటికి వచ్చుటయే. ఆ నేతపనివారి పూర్వులు తెలుగునాటి వారని మా పెద్దలు చెప్పెడివారు.

2023 యాత్రకు ఛాయాగ్రహణము నేర్చుకొనుటకై పైయూరి యువకులు కొందరు వచ్చిరి. ఒడియా, తెలుగు రెండును వచ్చిన విశ్రాంత గుమాస్తాను గనుక దుబాసీపని నాకప్పగించిరి. వారి ఉపాధ్యాయుడు మంచి మాటలే చెప్పెను: సంధ్యవేళ ఫ్లాషు వేయకుడు, షట్టరు ఎక్కువసేపు తెరచినచో కదలు రూపము చెరిగి కనబడును, అదియు నొక అందమే, మనిషిని అడుగక తీయకుడు. ఈ కడపటి మాట శిష్యులకు గడియసేపైనను జ్ఞాపకముండలేదు.

ఒక అరుగుమీద ఒకనికి ఒంటినిండ పసుపురంగు పూసి నల్లచారలు దిద్దుచుండిరి. ఒక కుర్రవాడు చొరవగా పోయి, అతని గడ్డము పట్టుకొని మొగము వెలుగువైపునకు త్రిప్పెను. నాకు మండిపోయినది. “అది ఆటవేషం కాదు, మ్రొక్కు!” అంటిని. నా ఆరవ యేట జ్వరము ముదిరి ఆశ వదలుకొన్నప్పుడు మా నాయన ఇట్లే మ్రొక్కుకొని, పులియై యీ వీధులలో ఆడెను. ఆయన చిత్రము మా యింట ఒక్కటే కలదు. కోటు తొడిగి, కుర్చీలో బిగిసి కూర్చున్నది. పులిని తీసినవారు లేరు.

కుర్రవాడు సిగ్గుపడి క్షమాపణ చెప్పెను. పిమ్మట నేనే వేషధారిని అడిగితిని. “మా వాడికోసమే ఆడుతున్నాను బాబూ, వాణ్ణి కూడా తియ్యమనండి” అని అతడు పసివానిని ఒడిలోనికి తీసికొనెను. వాని చొక్కాకు పసుపురంగు అంటెను.

ప్రతి పంపుటకై వీధి, ఇంటి సంఖ్య నేనే వ్రాసి యిచ్చితిని. రెండు మాసములకు కవరు చేరినది. దానిని చూపుటకు అతడు మా యింటికి వచ్చెను. పసివాని మొగము కొంచెము చెరిగియున్నది, కదలియుండును.