ఉక్కు నగరంలో రాలే కొమ్ములు

జంషెడ్‌పూర్ పేరు వినగానే ఎవరికైనా స్ఫురించేవి ఉక్కు కొలుములు, పొగగొట్టాలు. కాని ఆ కర్మాగారానికి చేరువలోనే పచ్చని జూబిలీ పార్కు ఉంది. ఉక్కు సంస్థ స్వర్ణోత్సవ కానుకగా 1958లో నగర ప్రజలకు లభించిన ఉద్యానమిది. దాని చెంతనే 1994లో జంతు ప్రదర్శనశాల వెలిసింది.

అక్కడి చుక్కల దుప్పుల మంద సందర్శకులను తికమకపెడుతుంది. ఒక మగ దుప్పి తలపై మూడేసి కొనలున్న నిండు కొమ్ములు. మరొకదానికి నూగు కప్పిన పిలకలు. ఇంకొకదానికి ఒకే కొమ్ము! పోట్లాటలో విరిగింది కాబోలునని చూసేవారు జాలిపడతారు. చాలాసార్లు అది గాయం కాదు, ప్రకృతి నియమం.

ఆవు, మేక, కృష్ణజింకల కొమ్ము ఎముకపై తొడిగిన ఒర వంటిది. అది జీవితాంతం నిలుస్తుంది. దుప్పి, కణుజుల కొమ్ము అలా కాదు. అది పూర్తిగా ఎముకే. పెరిగేటప్పుడు మఖమలు వంటి చర్మం దానిని కప్పి, రక్తాన్ని అందిస్తుంది. పెరుగుదల పూర్తయి, శరీరంలో పురుష హార్మోను హెచ్చగానే రక్తప్రసారం ఆగి చర్మం ఎండిపోతుంది. దుప్పి కొమ్మును చెట్లకు రాచి దానిని వదిలించుకుంటుంది. ఇక మిగిలింది పోరుకు పనికివచ్చే నిర్జీవమైన ఎముక.

జతకట్టే కాలం ముగిశాక హార్మోను తగ్గుతుంది. అప్పుడు కొన్ని జీవకణాలు కొమ్ము మొదట్లోని ఎముకను కరిగిస్తాయి. ఒకనాడు తల విదిలించినంతనే కొమ్ము రాలిపడుతుంది. రెండూ ఒకేసారి రాలాలని లేదు. ఒంటికొమ్ము దుప్పి రహస్యం ఇదే. కొద్దిరోజుల్లో పుండు మాని, కొత్త కొమ్ము మొలుస్తుంది.

చలిదేశాల్లో పగటి నిడివిని అనుసరించి ఒక జాతి మగజింకలన్నీ ఇంచుమించు ఒకే కాలంలో కొమ్ములు రాలుస్తాయి. మన దేశంలో ఆ కట్టుబాటు సడలుతుంది. కణుజులు ఎక్కువగా వేసవిలో రాలుస్తాయి. చుక్కల దుప్పులలో ఒక్కొక్కదాని క్రమం ఒక్కొక్కటి. అందుకే ఒకే మందలో అన్ని దశలూ కనిపిస్తాయి.

ఇంత శ్రమ ఎందుకు? చచ్చిన ఎముక విరిగితే అతకదు. కొమ్ము శాశ్వతమైతే ఒక్క పోరులో విరిగిన మగజింక బతికినన్నాళ్లూ ఓడిపోవలసిందే. మళ్లీ మొలవడం దానికి మరో అవకాశమని శాస్త్రజ్ఞులు భావిస్తారు. అందుకు తన అస్థిపంజరంలోని సున్నాన్ని సైతం అది అరువు తెచ్చుకుంటుంది.

నగరానికి ఉత్తరాన 1976లో అభయారణ్యమైన దల్మా కొండలున్నాయి. 193 చదరపు కిలోమీటర్ల ఆ అడవిలో మొరిగే జింకలు, ముళ్లపందులు నివసిస్తాయి. రాలిన కొమ్మును ముళ్లపందులు కొరుకుతాయి, జింకలూ నములుతాయి. సున్నం, భాస్వరం అలా తిరిగి అడవికే చేరుతాయి.

మనిషి మాత్రం దానిని గోడకు అలంకారంగా, కత్తికి పిడిగా కోరుకుంటాడు. ఏరుకున్నదనే పేరుతో చంపిన జింక కొమ్మునూ అమ్మే ప్రమాదముంది. సహజంగా రాలిన కొమ్ము అడుగు గరుకుగా ఉంటుంది. పుర్రె ముక్క అంటి ఉన్నదంటే అది రాలినది కాదు. అసలు అభయారణ్యం నుంచి అనుమతి లేకుండా దేనినీ తీసుకుపోరాదని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం శాసిస్తున్నది.

కర్మాగారంలో తుక్కు ఇనుము మళ్లీ కొలిమికి చేరుతుంది. అడవిలోనూ అంతే. దుప్పి రాల్చిన కొమ్ము వ్యర్థం కాదు. దానిని పడినచోటనే వదిలివేయడం అడవి సొత్తును అడవికి విడిచిపెట్టడమే.