పొద్దుతిరుగుడు చేలో బొంత

నల్లజాతి ఆడవాళ్ళ బొమ్మ అనగానే అందులో కన్నీళ్ళో, బిగించిన పిడికిలో వెతకడం మనకి అలవాటైపోయింది. ఫెయిత్ రింగ్గోల్డ్ 1991లో చేసిన పొద్దుతిరుగుడు పూల బొంత చూడండి. (బొమ్మ కూడా బొంతే లెండి, కాన్వాసు మీద రంగులేసి చుట్టూ గుడ్డ ముక్కలు కుట్టారు. ఆవిడ మొదటి బొంత 1980లో వాళ్ళమ్మతో కలిసి కుట్టిందట.) ఫ్రాన్సులోని ఆర్ల్ ఊళ్ళో, పూలచేలో, హారియెట్ టబ్మన్, రోజా పార్క్స్, ఇంకో ఆరుగురు తలో చెయ్యీ వేసి ఒకే బొంత పట్టుకునున్నారు. టబ్మన్ పోయిన 1913లోనే పార్క్స్ పుట్టింది, కాబట్టి ఈ స్నేహం ఉత్త ఊహే. బతుకంతా పరుగులు పెట్టినవాళ్ళకి కూర్చుని కబుర్లాడుకునే ఒక్క పూటైనా ఇద్దామనుకున్నారేమో రింగ్గోల్డ్! నాకైతే ఇది ఏ నినాదానికీ తీసిపోదు. పక్కన వాన్ గో పూలకూజా పట్టుకుని నిలబడ్డాడు, పిలవని పేరంటానికొచ్చినట్టు. ఒక్కరూ పట్టించుకోవట్లేదు పాపం.