పథ్యం ఎవరికి?

మన ఇళ్లలో పథ్యం అంటే ఎవరు గుర్తొస్తారు? మామగారి షుగరు, భర్త బీపీ, పురిటికొచ్చిన కూతురు. వీళ్లందరికీ విడివిడిగా వండే మనిషికి ఒంట్లో బాగాలేకపోతే మాత్రం మజ్జిగన్నమే. బాలింత పథ్యం కూడా తల్లి కోసం కన్నా పాల కోసమేనని మా అమ్మ అంటుంది.

నాకు ముప్పై నాలుగో ఏట సీలియాక్ వ్యాధి ఉందని తేలింది. అప్పుడు పరిశోధన పని మీద టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో ఉన్నాను. గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లోని గ్లూటెన్ పడితే ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థే చిన్నపేగును దెబ్బతీస్తుంది. జీవితాంతం దాన్ని పూర్తిగా మానేయడమే చికిత్స. "మనకేం, అన్నం తినేవాళ్లం" అని బంధువులు తేల్చేశారు. అమ్మ పంపిన ఇంగువ డబ్బా మీద చిన్న అక్షరాల్లో గోధుమపిండి అని ఉంది! అయినా లేబుళ్లు చదవడం కష్టమేమీ కాలేదు. నలుగురిలో "ఇది నాకు పడదు" అని నోరు విప్పి చెప్పడమే కష్టమైంది. పెట్టింది తినడం మంచి ఆడపిల్ల లక్షణమని కదా మన పెంపకం.

మా పక్క ఫ్లాటులో మెక్సికోలోని ప్వెబ్లా నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ఉండేది. ఒక ఆదివారం కోడిమాంసంతో మోలె చేస్తూ నన్ను భోజనానికి పిలిచింది. నా సంగతి చెప్పి, ఊరికే వచ్చి కూర్చుంటానన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. "అయితే నీకు తగ్గట్టు చేస్తాను, వచ్చి పక్కన నిలబడు" అంది.

ఆంచో, ములాతో, పసీయా అనే మూడు రకాల ఎండుమిర్చి గింజలు తీసి, మాడకుండా వేయించి, వేడినీళ్లలో నానబెట్టింది. మాడితే పులుసంతా చేదే. నువ్వులు, బాదం, ఎండుద్రాక్ష, దాల్చినచెక్క, లవంగం, టమాటా విడివిడిగా వేయించింది. చిక్కదనానికి ఆవిడ మామూలుగా వేసేది వేయించిన గోధుమ రొట్టె. ఈసారి దాని బదులు మొక్కజొన్న తోర్తియాలు రెండెక్కువ వేసింది. పాత నూనె పారబోసి కొత్తది పోసింది. కోడి ఉడికించిన నీళ్లే వాడింది, కొన్న రసం బిళ్లలు ముట్టుకోలేదు. చివర్లో చాక్లెట్ ముక్క వేసేముందు దాని కాగితం నా చేతికిచ్చి చదవమంది.

ప్వెబ్లాలోని సాంతా రోసా కాన్వెంటులో సన్యాసినులు ఎవరో పెద్దమనిషి వస్తున్నాడని హడావిడిగా మోలెను కనిపెట్టారని ఒక కథ ఉంది. కానీ ఆ మాట నావాట్ల్ భాషలోని "మొల్లి" నుంచి వచ్చింది. మిరపకాయలు నూరి పులుసులు చేయడం స్పానిష్‌వాళ్లు రాకముందే అక్కడ ఉంది. మన సన్నికల్లు లాంటి మెతాతే ముందు మోకాళ్ల మీద కూర్చుని తరతరాలుగా నూరిన ఆడవాళ్లు ఆ కథలో ఎక్కడా కనిపించరు.

ఆ ప్వెబ్లా బిషప్పే 1690లో ఒక సన్యాసిని పేరు పెట్టుకుని, లౌకిక విద్యలు తగ్గించుకొమ్మని సోర్ హువానా ఇనెస్ దె లా క్రూస్‌కు హితవు చెప్పాడు. 1691లో ఆమె రాసిన జవాబులో గుడ్డు నూనెలో ఎలా గట్టిపడుతుందో, పాకంలో ఎలా విడిపోతుందో కూడా ఉంది. వంటింట్లో చూసినదాన్ని ఆమె తత్వచింతనలో భాగంగానే లెక్కపెట్టింది. సాహిత్యంలో డాక్టరేట్ చేసిన నేను ఆ ఉత్తరాన్ని అంతకుముందు ఎన్నోసార్లు చదివాను. ఒకరి పేగు కోసం తరాలనాటి వంటలో ఏది మార్చవచ్చో, ఏది మార్చకూడదో పొయ్యి దగ్గర నిలబడి తేల్చుకున్న ఆ పెద్దావిడను చూశాక అది ఇంకోలా అర్థమైంది. వంట తెలిసినవాళ్లకే దాన్ని మార్చడం తెలుస్తుంది.

ఆవిడ నాకోసం విడిగా చిన్న గిన్నెలో చేయలేదు. ఆ రోజు ఇంటిల్లిపాదీ నా పథ్యమే తిన్నారు. రుచి తగ్గిందని ఎవరూ అనలేదు.

ఇప్పుడు హైదరాబాదులో ఆంచో దొరక్కపోతే బ్యాడిగి మిర్చితో చేస్తుంటాను. అచ్చంగా మోలె కాదు, దాని చుట్టం. మొన్న అమ్మ ఫోనులో, "ఇంత పని పెట్టుకున్నావు, ఎవరొస్తున్నారే?" అనడిగింది.

"ఎవరూ రావడం లేదమ్మా. నాకే" అన్నాను.

అవతల కాసేపు మాట లేదు. తర్వాత, ఎన్ని నువ్వులు వేయాలో చెప్పమంది.