రెండు ఊళ్ల పిట్టలకు ఒకటే లెన్సు

తంజోంగ్ పగార్ గాజు మేడల్లో కూర్చునేవాడికి పిట్టల పిచ్చేమిటని మా సూళ్లూరుపేటలో నవ్వుతారు. తెల్లవారకముందే ఇక్కడి డక్స్‌టన్ ప్లెయిన్ పార్కులో కోయిల అందుకుంటే కిటికీలు మూసుకుని తిట్టుకునే జనం ఉన్నారని వాళ్లకేం తెలుసు!

సింగపూర్ పిట్టలకు మనిషంటే బెరుకు తక్కువ. ఎప్పుడో పంతొమ్మిదో శతాబ్దంలో మాయమైన హార్న్‌బిల్ 1994లో పులావ్ ఉబిన్ దీవిలో మళ్లీ కనిపించింది. ఇప్పుడు ఊళ్లోకే వచ్చి అపార్ట్‌మెంట్ల పిట్టగోడల మీద వాలుతోంది. కెమెరా కొనేవాళ్లు ముందు చూసుకోవాల్సింది ఈ దూరాన్నే.

మా ఆఫీసులో కొత్తగా చేరిన నెల్లూరు కుర్రాడు మాక్స్‌వెల్ ఫుడ్ సెంటర్లో ప్లేటు ముందు పెట్టుకుని, "అన్నా, క్యానన్ 200-800 తీసుకోమంటారా? ఎంత దూరం పిట్టయినా దొరికిపోద్ది కదా" అన్నాడు. దొరుకుతుంది. కానీ 800 దగ్గర దాని ఎపర్చర్ ఎఫ్/9. మెక్‌రిచీ చెట్ల కింద పొద్దున ఎనిమిదింటికి కూడా మసకే. ఎగిరే లకుముకి పిట్ట రెక్క స్పష్టంగా రావాలంటే షట్టర్ 1/2000 దగ్గరుండాలి. ఆ వెలుతురులో ఐఎస్ఓ ఎక్కడికో పోయి ఈకలన్నీ గింజలు గింజలుగా వస్తాయి.

సరే, ఆరుబయటికి వెళ్దామంటే సుంగై బులో చిత్తడి నేల ఉంది. రాఫెల్స్ ప్లేస్‌లో రైలు మారి, క్రాంజీలో దిగి బస్సెక్కాలి. సెప్టెంబరు నుంచి మార్చి దాకా ఉత్తరాన్నుంచి ఉల్లంకి పిట్టలు వస్తాయి. పోటుకి బయటి బురద మునిగితే లోపలి చెరువుల్లోకి చేరతాయి, అదీ సమయం. పది దాటిందా, బురద మీంచి వేడిగాలి లేచి అలలాడుతుంది. ఆ గాలిలోంచి తీస్తే పిట్ట కన్ను కూడా కరిగినట్టు వస్తుంది. పది వేల డాలర్లు దాటిన ప్రైమ్ లెన్సూ ఆ ఎండకు లోకువే. ఫోకస్ పట్టలేదని బాడీని తిట్టేవాళ్లను అక్కడ చాలామందిని చూశాను. ఇంకో 200 ఎంఎం కొనడం కన్నా ఇంకో రెండు గంటలు ముందు లేవడం చవక.

డబ్బంతా బాడీ మీద పోసి లెన్సుకు పీనాసితనం చెయ్యడం నాకు నచ్చదు. కొత్త బాడీల్లో నేను చూసేది సెన్సర్ చదివే వేగం. చప్పుడు లేని ఎలక్ట్రానిక్ షట్టర్‌లో సెన్సర్ వరస వరసగా చదువుతుంది. అది నిదానమైతే ఈలోగా రెక్క కదిలిపోయి వంకరగా పడుతుంది. 2023లో వచ్చిన నికాన్ జడ్8 లాంటి స్టాక్డ్ సెన్సర్ బాడీలకు ఈ బాధ దాదాపు లేదు. ధర బాధే.

లెన్సుల్లో నా ఓటు సోనీ 200-600కో నికాన్ 180-600కో. జూమ్ తిప్పినా పొడుగు సాగవు, చేతిలో తూకం మారదు. రెండు కిలోలు మోయలేమంటే క్యానన్ 100-500 ఉంది. ఇక్కడి ఉడుము కాళ్ల దగ్గరికొచ్చినా ఫోకస్ అందుకుంటుంది.

సంక్రాంతికి ఇంటికెళ్తే ఈ లెక్క చాలదు. నేలపట్టులో గూడబాతులు చెరువులోని కడప చెట్ల మీద గూళ్లు పెడతాయి, మనం గట్టున ఆగిపోవాలి. పులికాట్ ఫ్లెమింగోలు ఇంకా దూరం. గూడబాతు ముక్కు మీది చుక్కలు లెక్కపెట్టేలా రావాలంటే అక్కడ క్రాప్ సెన్సర్ అక్కరకొస్తుంది.

కుర్రాడిది కూడా ఆ పక్క ఊరే కాబట్టి చివరికి 2016 నాటి నికాన్ డీ500, దానికి 200-500 లెన్సు సెకండ్ హ్యాండులో పట్టాడు. జడ్ లెన్సులు దానికి పట్టవు. ఈ లెన్సు సాగుతుంది, 2.3 కిలోలు. అయినా కొస దాకా ఎఫ్/5.6 నిలుస్తుంది, ఆ క్రాప్ సెన్సర్ బాడీ మీద 750లా చూపిస్తుంది. ఇక్కడి తేమకు లెన్సులో బూజు పడుతుంది కనుక డ్రై క్యాబినెట్ కూడా కొనిపించాను.

ఇప్పుడు చెన్నై టికెట్ తీసుకుని 7 కిలోల చేతి సంచి లెక్కలో పడ్డాడు. ట్రైపాడ్, బట్టలు లగేజీలో వేసుకోమన్నాను. విడి బ్యాటరీలు లిథియంవి, అవి మాత్రం చేతి సంచిలోనే వెళ్లాలి.