మేము ఎన్నుకొన్న తెర

మా తెలుగు, ఉర్దూ శాఖలకు కలిపి ఆరు పాత కంప్యూటర్లున్నవి. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసింది. తరువాతి విండోస్‌కు ఆ యంత్రాలు చాలవని తేలింది. క్రొత్తవి కావలెనని కమిటీ వారిని అర్థించే ధైర్యం లేక, మేము లినక్సును ఆశ్రయించాము.

విద్యార్థి మిత్రులు గమనించవలెను. లినక్సులో కిటికీలు, పట్టీలు, మెనూలు ఏ తీరున ఉండవలెనో మనమే ఎన్నుకోవచ్చును. ఆ తీరునే డెస్క్‌టాప్ ఎన్విరాన్‌మెంట్ అంటారు. 1996లో మత్తియాస్ ఎట్రిచ్ అనే జర్మన్ విద్యార్థి కేడీఈకి పిలుపునిచ్చాడు. అది ఆధారపడిన సామగ్రి లైసెన్సు పూర్తిగా స్వేచ్ఛాయుతం కాదని ఆక్షేపించినవారు 1997లో గ్నోమ్‌ను ఆరంభించారు. 2011లో గ్నోమ్ తన మూడవ రూపంలో పాత పద్ధతులను విడిచినప్పుడు, పాతదే కావాలన్నవారు 'మాటే' పేరుతో వేరు కుంపటి పెట్టుకొన్నారు. వాదాలూ వర్గాలూ మన సాహిత్యానికే పరిమితం కావన్నమాట!

మేము గ్నోమ్‌ను ఎన్నుకొన్నాము. దాచనేల, అది అందంగా ఉన్నదనే. ఉర్దూ శాఖ మిత్రునికీ అది నచ్చింది. రెండు మీటలు కలిపి నొక్కితే తెలుగు నుండి ఉర్దూకు మారవచ్చును. తెర భాషను ఉర్దూ చేయగానే మెనూలన్నీ కుడివైపుకు వచ్చి నిలిచినవి. "సాహెబ్, ఇన్నాళ్లకు కంప్యూటరు మా వైపు నుండి చదవడం నేర్చింది" అన్నారాయన.

నెల తిరుగకముందే మా ముచ్చట తీరింది. ఒక బి.ఏ. విద్యార్థిని ఈ సంచిక కొరకే తన దాదీని గురించి ఉర్దూలో వ్యాసం టైపు చేస్తున్నది. నిఘంటువు చూచుటకు ఆ కిటికీని కాసేపు ప్రక్కకు పెట్టదలచింది. తానెరిగిన అడ్డగీత బొత్తాం పైన లేదు. ఉన్నది ఇంటూ గుర్తు ఒక్కటే, అదే నొక్కింది. భద్రపరచవలెనా అని యంత్రం ఆంగ్లంలో అడిగింది. కంగారులో వద్దన్నది. రెండు పూటల శ్రమ పోయింది.

"నా పొరపాటే సార్" అని ఆమె తల వంచుకొన్నది. పొరపాటు మాది. ఆ బొత్తాం కనబడుటకు ఒక్క అమరిక మార్చితే చాలును. తెర నిరాడంబరత చెడునని, తెలిసియే మేము మార్చలేదు.

ఆ సాయంత్రమే ఆ అమరిక మార్చి, వెంట ఎక్స్‌ఎఫ్‌సీఈని కూడ చేర్చాము. చూపునకది పాతకాలపు గుమాస్తా బల్ల వలె ఉంటుంది. కాని ఏ వస్తువు ఎక్కడ ఉండవలెనో అక్కడే ఉంటుంది. 4 జీబీ మెమరీతో ఆయాసపడుతున్న యంత్రాలు తేలికగా నడిచినవి. అయితే అందులో ఉర్దూ మీటలను విడిగా అమర్చవలసి వచ్చి, మిత్రునికి కొంత అలుక కలిగింది. అందుచేత గ్నోమ్‌ను తీసివేయలేదు. రెండూ ఒకే యంత్రంలో ఇముడును. పాస్‌వర్డు అడిగే తెర మూలనున్న పళ్లచక్రం గుర్తును నొక్కి, ఎవరికి కావలసినది వారు తెరచుకోవచ్చును. ఈ మాట మేము మొదటి రోజుననే పిల్లలకు చెప్పి ఉండవలసినది.

ఆ విద్యార్థిని ఎక్స్‌ఎఫ్‌సీఈనే కోరునని మేము తలచాము. వెళ్లి చూడగా, గ్నోమ్ ముందే కూర్చొని మొదటి నుండి టైపు చేస్తున్నది. కుడి నుండి తెరచుకొనే తెరయే తనకు కావాలట. ఆ వ్యాసం ఈ సంచిక ఉర్దూ విభాగంలో ఉన్నది. పోయిన ప్రతిలో దాదీ మాటలు ఇంకా బాగా కుదిరినవని ఆమె ఇప్పటికీ అంటున్నది.