ఖాళీ డబ్బా వచ్చిందంట!

"అన్నా, డబ్బాలో ఏమీ లేదు, డబ్బులు వాపస్ వెయ్" అని హైదరాబాద్ నుంచి ఒకమ్మ మెసేజ్. కోయిలకుంట్ల నుంచి మేం పంపింది ఎండు జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి.

కొట్లాటకు పోలేదు. కొరియర్ రసీదు చూస్తే బరువు 1,340 గ్రాములు. ఒట్టి అట్టపెట్టె 200 కూడా తూగదు. టేపు, లేబులు కనపడేటట్టు అన్ని పక్కలా ఫోటోలు పంపమ్మా అంటే వెంటనే పంపింది. అడుగున మా టేపు కోసి, వేరే రంగు టేపు అంటించినారు! ఆయమ్మ చెప్పింది నిజమే. దారిలో ఎవరో రొట్టెలు లాగించినారు, పొడి నంజుకోని మరీ. డబ్బులు వాపస్ వేసి, ఆ ఫోటోలతోనే కొరియర్‌కు కంప్లయింట్ పెట్టినా.

కొనేవాళ్లకు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. అమ్మేవాళ్లూ, ప్యాకింగ్ అప్పుడు కాటా మీద పెట్టి వీడియో తీసుకోండి. రసీదులో బరువు రాయించుకోకుండా కౌంటర్ దగ్గర నుంచి కదలొద్దండి.