కరెంటు ఖాతా

నేను చదివింది బీకాం. ముప్పైనాలుగేళ్లుగా బ్యాంకులో చేస్తున్నది జమాఖర్చుల పని. బ్యాటరీతో నాకున్న సంబంధమల్లా, స్కూటరు మొరాయిస్తే మెకానిక్కుకు కబురు పెట్టడం వరకే. అలాంటివాణ్ణి మొన్న వేసవిలో అమెరికాలో ఒక గడ్డికోసే బండి ముందు మోకాళ్ల మీద కూర్చోవలసి వచ్చింది.

మాది హోసూరు. ఉన్నది తమిళనాడులోనే అయినా తరతరాలుగా మా ఇంట్లో తెలుగే. మా అమ్మాయి ఒహాయో రాష్ట్రంలో, కొలంబస్ ఊరిబయట రెండెకరాల జాగాలో ఇల్లు కొనుక్కుంది. నలభై రోజులు సెలవు పెట్టి నేనూ మా ఇంటావిడా వెళ్లాం. ఆ రెండెకరాల్లోనూ పెరిగేది గడ్డి ఒక్కటే. వారం వారం కోయాలి, కోసింది వేద్దామంటే ఆవు లేదు! ఆ పనికి చిన్న ట్రాక్టరులాంటి బండి ఉంది. పైన కూర్చుని తోలుతుంటే కింద బ్లేళ్లు తిరిగి గడ్డిని కోసేస్తాయి.

ఆ శనివారం అల్లుడు తాళం తిప్పితే బండి 'టిక్'మని ఊరుకుంది. "బ్యాటరీ మళ్లీ పోయింది మామా. మూడేళ్లలో ఇది మూడోది" అన్నాడు విసుగ్గా. కొత్తది తేవడానికి కారు తాళాలు అందుకున్నాడు.

మూడేళ్లలో మూడు అప్పులు మొండిబాకీలైతే, తప్పు తీసుకున్నవాడిదా ఇచ్చిన బ్రాంచిదా అని మా ఇన్‌స్పెక్టర్లు అడుగుతారు. ఆ అలవాటుకొద్దీ "కాస్త ఆగు" అన్నాను. పక్కింటి పెద్దాయన ఒకప్పుడు మెకానిక్కు. మా మాటలు వినబడి మీటరు పట్టుకుని వచ్చాడు.

'టిక్'మందంటే సీటు కింది స్విచ్చూ, బ్రేకు దగ్గరి స్విచ్చూ సరిగానే ఉన్నట్టట. మీటరు పెడితే బ్యాటరీ 11.8 వోల్టులు చూపించింది. నిండుగా ఉంటే 12.6 దాకా ఉండాలి. రాత్రంతా చార్జరుకు తగిలించి, పొద్దున తీసి, రెండు గంటలు ఆగి చూస్తే సరిగ్గా 12.6. బండి ఒక్క తిప్పుకే లేచింది. అంటే బ్యాటరీ చావలేదు, ఆకలితో పడుకుంది.

ఇంజను జోరుగా తిరుగుతున్నప్పుడు బ్యాటరీ దగ్గర 13.5కూ 14.5కూ మధ్య చూపించాలట. మాకు 12.4 చూపించి, ఇంకా దిగుతోంది. నాకు వెంటనే అర్థమైంది. తీయడమే తప్ప వేయడం లేని ఖాతా అది!

ఇంజను చక్రానికి అయస్కాంతాలుంటాయి. అవి తిరుగుతుంటే లోపలి తీగచుట్టలో కరెంటు పుడుతుంది. అది ఏసీ. దాన్ని డీసీగా మార్చి, మోతాదు మించకుండా బ్యాటరీకి పంపేది రెగ్యులేటరనే చిన్న డబ్బా. తీగచుట్ట దగ్గర చూస్తే దాదాపు 30 వోల్టులు వస్తున్నాయి. ఫ్యూజూ బాగానే ఉంది. అంటే కరెంటు పుడుతోంది, చేరవలసిన చోటికి చేరడం లేదు. ఇంజను ఆపి, బ్యాటరీ నెగెటివు తీగ ఊడదీసి, రెగ్యులేటరును విప్పాం. దాని అడుగు ఇంజను లోహానికి గట్టిగా అంటుకుని ఉండాలి. అక్కడంతా తుప్పు! గరుకు కాగితంతో రుద్ది, బోల్టులు బిగించాం.

ఇంతసేపూ మీటరు పట్టుకుని అంకెలు చదివింది మా మనవరాలు. ఎనిమిదేళ్ల పిల్ల. మేం తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబిస్తుంది. పిల్లలకు తెలుగు రావడం లేదని మా ఊరి తెలుగు సంఘంలో వాపోయేవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఈ పిల్ల విషయంలోనైతే, "దీనికి భాష ఎక్కదులే" అని మా అమ్మాయితో ఫోనులోనే తీర్పు చెప్పేశాను.

ఇంజను మళ్లీ లేపాం. మెల్లగా తిరుగుతుంటే మీటరు 12.8 దగ్గరే నిలిచింది. నా మొహం వాడిపోవడం చూసి పెద్దాయన నవ్వి, వేగం మీటను చివరిదాకా తోశాడు. మెల్లగా తిరిగితే చార్జి నిండదని ఆయన చెప్పిన మాట ఎందుకో నాకు తగిలింది.

ప్రతి ఆదివారం ఫోను చేసి నేను ఆ పిల్లతో మాట్లాడిందేమిటి? "తిన్నావా? బడికి పోయినావా?" అంతే. రెండు నిమిషాలు. అటునుంచి యెస్, నో. తర్వాత ఫోను వాళ్లమ్మ చేతికి. ఆ రెండు ప్రశ్నలతో ఏ భాష నిండుతుంది? తీర్పు మాత్రం పిల్లమీద.

"థర్టీన్ పాయింట్ నైన్, తాతా!" అని అరిచింది. "తెలుగులో చెప్పు" అన్నాను. పదిదాకా వచ్చు, ఆపైన రావు. "పదమూడు" అని అందించాను. ఇంజను హోరులో రెండుసార్లు చెప్పించుకుని, నాకంటే గట్టిగా అరిచింది: "పదమూడు పాయింటు తొమ్మిది!"

మిగిలిన సెలవంతా మాకిద్దరికీ అదే పని. కారు బ్యాటరీ, టార్చిలైటు, గడియారం దాకా ఏదీ వదల్లేదు. వచ్చేనాటికి నూరుదాకా అంకెలు వచ్చాయి. వాటి వెంట "తాతా, ఇది తక్కువుంది", "ఇంకోసారి చూద్దాం" లాంటి మాటలు కూడా వచ్చాయి. వాటిని ఎవరం నేర్పలేదు.

హోసూరు రాగానే నేనూ ఒక మీటరు కొన్నాను. ఆదివారం ఫోను ఇప్పుడు అరగంట. మొన్న ఫోను ఎత్తగానే నేను పలకరించేలోగా తనే అడిగింది:

"తాతా, నీ స్కూటరు ఈరోజు ఎంత చూపిస్తా ఉంది?"